బుట్ట కింది పని: బ్రయన్ జూబెక్ నాలుగేళ్ల ఆట గురించి

2010 ఏప్రిల్ 5 రాత్రి ఇండియానాపొలిస్‌లో జరిగిన అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ ఫైనల్ గురించి ఎవరిని కదిపినా ఒకే దృశ్యం చెబుతారు. బట్లర్ జట్టు కుర్రవాడు గోర్డన్ హేవర్డ్ కోర్టు మధ్య గీత దగ్గర నుంచి విసిరిన బంతి బోర్డుకు తగిలి, రింగును తాకి, బయటికి పడిపోయింది. అది లోపల పడి ఉంటే ఒక చిన్న కళాశాల తన సొంత ఊళ్లో, డెబ్బై వేల మంది ముందు, డ్యూక్ విశ్వవిద్యాలయాన్ని ఓడించి ఉండేది. పడలేదు కాబట్టి డ్యూక్ 61-59తో గెలిచి తన నాలుగో జాతీయ కప్పు అందుకుంది. అయితే ఆ బంతి హేవర్డ్ చేతికి ఎలా వచ్చింది, అంతకు ముందరి కొద్ది సెకన్లలో ఏం జరిగింది అని అడిగితే జవాబు చెప్పేవారు తక్కువ. ఆ చివరి ఘట్టంలో డ్యూక్ వైపు నుంచి జరిగిన ముఖ్యమైన పనులన్నిటిలోనూ ఒకే మనిషి చేయి ఉంది. అతని పేరు బ్రయన్ జూబెక్. ఎత్తు 7 అడుగుల 1 అంగుళం. ఆ సీజన్‌లో అతని సగటు ఆటకు 5.6 పాయింట్లు.

ఆ 5.6 అనే అంకె చూసి జూబెక్‌ను జట్టులో ఒక మూల నిలబడ్డ మనిషిగా లెక్కగట్టేవాళ్లతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. ఆ ఏడాది డ్యూక్ కప్పు గెలవడానికి కారణమైన మార్పు ఏదని అడిగితే, నేను తడుముకోకుండా అతని పేరే చెబుతాను. అంతేకాదు, అతను చేసింది సహాయమో త్యాగమో కాదనీ, షూటింగ్ ఎంత నేర్పుతో కూడిన పనో అదీ అంత నేర్పుతో కూడిన పనేననీ నా వాదన.

ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మేముండే ఉత్తర కరోలినాలో, డ్యూక్ ఉన్న డరమ్‌లోనూ, కేరీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లోనూ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. శనివారం పొద్దున జిమ్‌లలో జరిగే పిల్లల ఆటల్లో మనవాళ్లు చాలామంది కనిపిస్తారు. గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రుల నోట వినిపించే ప్రశ్న ఒక్కటే: ఎన్ని పాయింట్లు కొట్టాడు? ఒకసారి నా పక్కన కూర్చున్న ఒక తండ్రి, తన కొడుకు అడ్డంగా నిలబడి తోటి ఆటగాడికి చక్కగా దారి చేసి ఇస్తుంటే చూస్తూ కూడా, "మావాడికి ఎవరూ బంతే ఇవ్వట్లేదండీ, ఊరికే నిలబెట్టారు" అని నిజంగా బాధపడ్డారు. ఆ పిల్లవాడు ఊరికే నిలబడలేదు. అది ఆయనకు చెప్పాలంటే జూబెక్ కథ మొత్తం చెప్పాలి.

జూబెక్ న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరివాడు. 2006లో జాన్ షాయర్, లాన్స్ థామస్, జెరాల్డ్ హెండర్సన్‌లతో కలిసి డ్యూక్‌లో చేరాడు. అంత ఎత్తున్న కుర్రవాడు వస్తున్నాడంటే అభిమానులు ఎన్నో ఊహించుకున్నారు. ఊహించుకున్నదేదీ జరగలేదు. పాదం ఎముక రెండుసార్లు విరిగింది. ఆ బరువుకు, ఆ ఎత్తుకు పాదం దెబ్బతింటే పరుగు, దూకుడు, ఊపిరి అన్నీ మళ్లీ మొదటి నుంచి కూడగట్టుకోవాలి. కోలుకుని వచ్చినా ఫౌళ్లు, అంటే ఎదుటి ఆటగాణ్ణి నిబంధనకు విరుద్ధంగా తాకే తప్పులు, ముంచుకొచ్చేవి. కోర్టు మీదికి వచ్చిన కాసేపటికే రెండు ఫౌళ్లు, మళ్లీ బెంచి. మూడేళ్లు ఇలాగే గడిచాయి. ఆ మూడేళ్లూ డ్యూక్‌కు కూడా మంచి రోజులు కావు. 2007లో, మార్చిలో మొదలయ్యే జాతీయ టోర్నమెంటు మొదటి రౌండులోనే వర్జీనియా కామన్‌వెల్త్ చేతిలో 79-77తో ఓడింది. 2008లో వెస్ట్ వర్జీనియా ఇంటికి పంపింది. 2009లో విలనోవా 77-54తో చిత్తుచేసింది. డ్యూక్ పిల్లలు బాగా షూట్ చేస్తారు కానీ బుట్ట దగ్గర తోపులాటకు తట్టుకోలేరన్న మాట అప్పట్లో ప్రతి మార్చిలోనూ వినిపించేది, అందులో అబద్ధం కూడా లేదు.

నాలుగో ఏడాది మొదలయ్యేసరికి హెండర్సన్ వృత్తి ఆటగాళ్ల లీగైన ఎన్‌బీఏకు వెళ్లిపోయాడు. షాయర్, కైల్ సింగ్లర్, నోలన్ స్మిత్ అనే ముగ్గురు స్కోరర్లు మిగిలారు. ముగ్గురూ ఆటకు పదిహేడు పాయింట్లకు పైనే కొట్టేవాళ్లు. జట్టు బాగానే ఆడుతోంది కానీ భయం పోలేదు. జనవరి 30న వాషింగ్టన్‌లో, అధ్యక్షుడు ఒబామా చూస్తుండగా, జార్జ్‌టౌన్ 89 పాయింట్లు కొట్టి డ్యూక్‌ను ఓడించింది. మళ్లీ పాత కథే అనుకున్నారు. ఆ తర్వాత రెండు వారాలకు, ఫిబ్రవరి 13న, సొంత కోర్టు కామెరాన్ ఇండోర్ స్టేడియంలో మేరీలాండ్‌తో ఆటకు, కోచ్ కే అని అందరూ పిలిచే మైక్ షషెఫ్‌స్కీ జూబెక్‌ను మొదటి ఐదుగురిలో దించాడు. అతను 16 పాయింట్లు, 17 రీబౌండ్లతో (గురి తప్పిన బంతిని పట్టుకోవడమే రీబౌండ్) తిరిగొచ్చాడు. డ్యూక్ 77-56తో గెలిచింది. ఆ రోజు నుంచి ఫైనల్ దాకా డ్యూక్ 16 ఆటలు ఆడి ఒక్కటే ఓడింది. స్కోరర్లు ముగ్గురూ వాళ్లే, కోచ్ అతనే, వ్యూహాల పుస్తకమూ పెద్దగా మారలేదు. మారింది బుట్ట కింద నిలబడే మనిషి.

ఆ నిలబడటంలో ఏముందో కాస్త దగ్గరగా చూడాలి. కళాశాల బాస్కెట్‌బాల్‌లో ఎంత మంచి జట్టయినా విసిరిన బంతుల్లో సగం అటూఇటుగా గురి తప్పుతాయి. తప్పిన బంతి ఎక్కువసార్లు ఎదుటి జట్టుకే దక్కుతుంది, ఎందుకంటే వాళ్లు అప్పటికే బుట్టకూ మనకూ మధ్యలో ఉంటారు. ఆ తప్పిన బంతిని మన జట్టే తిరిగి పట్టుకుంటే దాన్ని అఫెన్సివ్ రీబౌండ్ అంటారు. బంతి చేతికొచ్చిన ప్రతిసారీ జట్టుకు సగటున ఒక పాయింటు వస్తుందనుకుంటే, ఆటకు నాలుగైదు సార్లు అదనంగా బంతి తెచ్చిపెట్టినవాడు తన పేరు మీద ఒక్క పాయింటు రాయించుకోకపోయినా జట్టుకు నాలుగైదు పాయింట్లు తెచ్చినట్టే. జూబెక్ ఆ సీజన్‌లో ఆటకు సగటున 7.7 రీబౌండ్లు పట్టాడు, అదీ సగం సమయం అటూఇటుగా బెంచి మీద ఉంటూ. ఆడిన నిమిషాలతో పోల్చి చూస్తే, తప్పిన బంతులను తిరిగి పట్టడంలో ఆ ఏడాది దేశంలోని అత్యుత్తముల్లో అతనొకడు.

ఎత్తు ఉంటే చాలు, చేయి చాపితే బంతి దొరుకుతుంది అనుకుంటే అది పొరపాటు. బంతి చేయి దాటగానే జూబెక్ రింగు వైపు చూస్తూ నిలబడిపోడు. షూట్ చేసింది కుడి మూల నుంచా, ఎదురుగానా అన్నదాన్నిబట్టి బంతి ఎటు పడవచ్చో అతనికి ముందే ఒక అంచనా ఉంటుంది, ఎందుకంటే మూల నుంచి విసిరింది తప్పితే చాలావరకు ఎదుటి వైపుకే పోతుంది. కాళ్లు ఆ వైపు ముందే కదులుతాయి. తుంటితో, నడుముతో ప్రత్యర్థిని అంగుళం అంగుళం బుట్ట కిందికి నెట్టేస్తాడు, అక్కడ ఇరుక్కున్నవాడి నెత్తి మీది నుంచి బంతి దాటిపోతుంది. బంతి రెండు చేతుల్లో పడ్డాక దాన్ని నడుము దాకా దించకుండా నెత్తి మీదే పట్టుకుంటాడు. దించితే పొట్టివాళ్లు తన్నుకుపోతారు. ఇక్కడే అతని ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం వస్తుంది. బుట్ట కింద బంతి దొరికిన ఏ పొడుగాటి కుర్రవాడికైనా ఎగిరి లోపల వేసేయాలనే ఉంటుంది. జూబెక్ చాలాసార్లు ఆ పని చేయడు. మెడ తిప్పి, మూడు పాయింట్ల గీత (దాని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు) అవతల షాయరో సింగ్లరో ఒంటరిగా ఉన్నచోటికి బంతి విసిరేస్తాడు. అప్పటికే ఎదుటి జట్టు ఐదుగురూ రీబౌండ్ కోసం బుట్ట దగ్గరికి ముడుచుకుపోయి ఉంటారు. గీత దగ్గర కాపలా ఉండదు. పేరు షూటర్‌కు పోతుంది, స్కోరు పట్టికలో ఆ మూడు పాయింట్లు అతని పేరు మీదే చేరతాయి.

స్క్రీన్లు పెట్టడం రెండో పని. స్క్రీన్ అంటే మన షూటర్‌ను వెంటాడుతున్నవాడి దారికి అడ్డంగా కదలకుండా నిలబడటం. వింటే ఎవరైనా చేయగలిగే పనిలాగే ఉంటుంది. కానీ ఒక అడుగు ముందు పడితే ఫౌల్, ఒక అడుగు వెనక పడితే వెంటాడేవాడు తప్పించుకుపోతాడు. పరుగెత్తుకొచ్చే మనిషి ఛాతీకి తగులుతాడని తెలిసీ కాళ్లు పాతుకుని నిలబడాలి, ఆటలో డజన్ల సార్లు. స్మిత్, షాయర్ ఆ ఏడాది అంత తీరికగా షూట్ చేయగలిగారంటే జూబెక్, థామస్ ఇద్దరూ పెట్టిన స్క్రీన్ల వల్లే. థామస్ గురించి వేరే వ్యాసమే రాయాలి, అతనిదీ ఇలాంటి చాకిరీయే.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, అవి చిన్నవీ కావు. ఆ ముగ్గురు స్కోరర్లు లేకపోతే జూబెక్ ఎవరు అంటారు. నిజమే, బంతి విసిరేవాడే లేనప్పుడు తప్పిన బంతీ ఉండదు. కానీ ఆ ముగ్గురూ ఏడాది ముందు కూడా ఆ జట్టులోనే ఉన్నారు, పైగా అప్పుడు హెండర్సన్ తోడున్నాడు, అయినా విలనోవా చేతిలో 23 పాయింట్ల తేడాతో ఓడారు. ఇక అదృష్టం సంగతి. హ్యూస్టన్‌లో బేలర్‌తో జరిగిన ప్రాంతీయ ఫైనల్లో, ఆట నువ్వా నేనా అన్నట్టున్నప్పుడు, క్విన్సీ ఏసీ జూబెక్‌ను ఢీకొన్నాడు. రెఫరీ ఫౌల్ ఏసీ మీద వేశాడు. అది జూబెక్ మీద పడవలసిన ఫౌల్ అని బేలర్ అభిమానులు ఈనాటికీ అంటారు, వాళ్ల కోపాన్ని నేను కొట్టిపారేయను, ఎటైనా పిలవగలిగిన ఫౌలే అది. అయితే అదే ఆటలో సింగ్లర్ విసిరిన పది బంతుల్లో ఒక్కటీ లోపల పడలేదు. మూడో స్కోరర్ అంతగా తడబడిన రాత్రి డ్యూక్ 78-71తో ఎలా గెలిచింది? స్మిత్ 29 పాయింట్లు కొట్టాడు, దానితో పాటు తప్పిన బంతులను డ్యూక్ పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ పట్టుకొచ్చి రెండో అవకాశం, మూడో అవకాశం ఇచ్చారు. ఒక్క రెఫరీ విజిల్ గురించి మాట్లాడేవాళ్లు ఆ రీబౌండ్లన్నిటి గురించి కూడా మాట్లాడాలి.

ఇప్పుడు ఫైనల్‌కు వద్దాం. ఆ రాత్రి డ్యూక్ కొట్టిన 61 పాయింట్లూ మొదటి ఐదుగురివే: సింగ్లర్ 19, షాయర్ 15, స్మిత్ 13, జూబెక్ 8, థామస్ 6. జూబెక్‌కు 10 రీబౌండ్లు కూడా ఉన్నాయి. చివరి క్షణాల్లో డ్యూక్ 60-59తో ముందుంది, బంతి హేవర్డ్ దగ్గరుంది. అతను కుడి వైపు, బుట్ట వెనక ఉండే కోర్టు చివరి గీత దాకా దూసుకెళ్లి వెనక్కి ఒరుగుతూ షూట్ చేయబోయాడు. ఎదురుగా జూబెక్ రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉన్నాడు, మీదికి పడలేదు, ఫౌల్‌కు తావివ్వలేదు. మూడేళ్లు ఫౌళ్లతో బెంచికి పరిమితమైన మనిషి, జీవితంలోకెల్లా పెద్ద ఘడియలో, చేతులు నిటారుగా ఉంచి నిగ్రహంగా నిలబడ్డాడు. ఆ చేతుల మీదుగా పంపాలంటే బంతిని మామూలు కన్నా ఎత్తుగా విసరాలి. హేవర్డ్ అలాగే విసిరాడు, అది కాస్త పొడవైంది, రింగు వెనక అంచుకు తగిలి బయటికొచ్చింది. దాన్ని పట్టుకున్నదీ జూబెక్కే. బట్లర్ వాళ్లు వెంటనే అతని మీద ఫౌల్ చేశారు. గడియారంలో 3.6 సెకన్లు.

ఫౌల్‌కు బదులుగా ఎవరి అడ్డూ లేకుండా గీత దగ్గర నిలబడి విసిరే ఒక్కో పాయింటు బంతులే ఫ్రీ త్రోలు. వాటిలో జూబెక్‌కు గొప్ప పేరేమీ లేదు. మొదటిది లోపల వేశాడు, 61-59. రెండోది కావాలనే తప్పించాడు, అది కోచ్ ఆజ్ఞ. ఆట ఆపి మాట్లాడుకునే టైమ్ఔట్లు బట్లర్ దగ్గర మిగల్లేదు. రెండోది కూడా లోపల పడితే, బట్లర్ గీత బయట నుంచి బంతి అందించి ఎవరో ముట్టుకునేదాకా గడియారం ఆగే ఉంటుంది, ఒక ఎత్తుగడ వేసుకునే వ్యవధి దొరుకుతుంది. తప్పితే రీబౌండ్ పట్టుకున్న మరుక్షణమే సమయం కరగడం మొదలవుతుంది. కానీ అందులో పెద్ద ప్రమాదం ఉంది. మూడు పాయింట్ల ఆధిక్యం ఉంటే హేవర్డ్ దూరం నుంచి విసిరింది పడినా స్కోరు సమం అయ్యేదంతే, రెండు పాయింట్ల ఆధిక్యంలో అది పడితే కప్పే పోతుంది. ఆ నిర్ణయం సరైందా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నా మట్టుకు నేనైతే రెండోది కూడా వేయమనేవాణ్ణి. కానీ ఒక కోచ్ తన భవిష్యత్తంతా పెట్టి అలాంటి పందెం వేసినప్పుడు, గీత దగ్గర బంతి పట్టుకుని నిలబడ్డవాడు నాలుగేళ్లుగా చెప్పినది చెప్పినట్టు చేస్తూ వచ్చినవాడు. తనకు దక్కవలసిన తొమ్మిదో పాయింటును వదిలేయమంటే వదిలేశాడు.

మన పెద్దలు ఇలాంటిచోట "అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు" అంటారు. జూబెక్ లాంటివాళ్లను మెచ్చుకునేటప్పుడు అమెరికాలోనూ అదే ధోరణి: తనను తాను తగ్గించుకున్నాడు, త్యాగం చేశాడు అని. నాకు ఈ పొగడ్త నచ్చదు. ఎక్కలేకపోయినవాడు మోస్తున్నాడన్న అర్థం అందులో దాగి ఉంది. జూబెక్ స్కోరర్ కాలేక రీబౌండ్లు పట్టినవాడిగా చూస్తే అతని నాలుగో ఏడాదిని అర్థం చేసుకోలేము. పాదం బాగుచేసుకోవడం, ఒళ్లు అదుపులో పెట్టుకోవడం, ఫౌల్ కాకుండా నెట్టడం, బంతి పడే చోటు పసిగట్టడం, బంతి దొరికిన క్షణంలో బయట ఎవరున్నారో చూడటం, ఇవన్నీ నేర్చుకోవడానికి అతనికి అన్నేళ్లు పట్టింది. సింగ్లర్ ఆ పని చేయలేడు. స్మిత్ చేయలేడు. పాయింట్లు కొట్టేవాడు దొరకడం ఎంత కష్టమో ఇలాంటివాడు దొరకడమూ అంతే కష్టం, కళాశాల ఆటలో బహుశా ఇంకా కష్టం.

ఆ తర్వాత అతని బాస్కెట్‌బాల్ ఎక్కువకాలం సాగలేదు. 2010 వేసవిలో న్యూజెర్సీ నెట్స్ తీసుకుంది, సీజన్ మొదలవకముందే వదిలేసింది. వెన్ను గాయం తోడైంది. ఎన్‌బీఏలో ఒక్క ఆట కూడా ఆడలేదు. కొన్నాళ్లకు సొంత ఊళ్లో క్రీమ్ పఫ్‌ల దుకాణం పెట్టాడు. ఈ సంగతి చెప్పగానే చాలామంది జాలిపడతారు. నేను పడను. కళాశాల ఆటను ఎన్‌బీఏకు వేసిన నిచ్చెనగా మాత్రమే చూసేవాళ్లకే అది పతనంలా కనిపిస్తుంది. ఆ ఆట తనకు తానుగా ఒక పూర్తి వ్యవహారం, అందులో అతను చేయవలసిన పని పూర్తిగా చేసి వచ్చాడు.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. ఇవాళ జూబెక్ లాంటి కుర్రవాడు ఒక జట్టులో నాలుగేళ్లు ఉండటం దాదాపు అసాధ్యం. 2021 నుంచి ఆటగాళ్లు ఒకసారి కళాశాల మారినా ఏడాది కూర్చోనక్కర లేకుండా ఆడవచ్చు. 2024 నుంచి, చదువు నిబంధనలు పాటిస్తే ఎన్నిసార్లయినా మారవచ్చు. 2021 జూలై నుంచి ప్రకటనల వంటివాటిలో తమ పేరు వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు, 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లిస్తున్నాయి. ఈ స్వేచ్ఛకూ ఈ డబ్బుకూ నేను వ్యతిరేకిని కాను. కోచ్‌లు కోట్లు సంపాదిస్తుంటే ఆడేవాళ్లకు ఏమీ లేకపోవడం దశాబ్దాలపాటు సాగిన అన్యాయం. కానీ రెండో ఏడాది చివర ఆటకు నాలుగు పాయింట్లు కూడా లేని, పాదం విరిగిన పొడుగాటి కుర్రవాణ్ణి ఇవాళ ఏ కోచ్ అట్టిపెట్టుకుంటాడు? మర్యాదగా దారి చూసుకోమంటాడు. కుర్రవాడు కూడా, వాళ్లింట్లోవాళ్లు కూడా, ఇంకోచోట ఎక్కువ నిమిషాలు దొరుకుతాయని వెళ్లిపోతారు. అందులో ఎవరి తప్పూ లేదు. కాకపోతే మూడో ఏడాదిలో, నాలుగో ఏడాదిలో పండే పనితనానికి వ్యవధే మిగలడం లేదు.

దాని ఫలితం డ్యూక్‌కే ఎదురైంది. 2022 నుంచి అక్కడ ప్రధాన కోచ్ జాన్ షాయర్, అంటే జూబెక్ బయటికి విసిరిన బంతులతో మూడు పాయింట్లు కొట్టిన ఆ షాయరే. 2025 ఏప్రిల్ 5న, ఆ ఫైనల్ జరిగి సరిగ్గా 15 ఏళ్లకు, శాన్ ఆంటోనియోలో జరిగిన సెమీఫైనల్లో అతని జట్టు హ్యూస్టన్ విశ్వవిద్యాలయంతో ఆడింది. కూపర్ ఫ్లాగ్ లాంటి మహా ప్రతిభావంతుడు జట్టులో ఉన్నాడు. రెండో సగంలో 14 పాయింట్ల ఆధిక్యం వచ్చింది. అది కరుగుతూ వచ్చి, చివరి అర నిమిషంలో పూర్తిగా జారిపోయింది. హ్యూస్టన్ ఆటగాడు విసిరిన మూడు పాయింట్ల బంతి తప్పితే జోసెఫ్ టగ్లర్ దాన్ని గాల్లోనే అందుకుని రింగులో కొట్టాడు. కాసేపటికి డ్యూక్ ఫ్రీ త్రో తప్పితే, జే వాన్ రాబర్ట్స్ ఆ రీబౌండ్ కోసం ముందు నిలబడి ఉండటంతో ఫ్లాగ్ అతని వెనక నుంచి ఫౌల్ చేశాడు. రాబర్ట్స్ రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. హ్యూస్టన్ 70-67తో గెలిచింది. రాబర్ట్స్ ఎన్నో ఏళ్లుగా హ్యూస్టన్‌లోనే ఉంటూ కింది నుంచి పైకొచ్చినవాడు.

డ్యూక్ తరఫున ఆ రాత్రి బుట్ట కింద ఉన్నది ఖమాన్ మాలువాచ్. ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు, అంటే జూబెక్ కన్నా ఒక అంగుళం ఎక్కువే. మొదటి సంవత్సరం విద్యార్థి. ఆ ఆటలో అతనికి ఒక్క రీబౌండ్ కూడా దక్కలేదు. ఆ వేసవిలోనే ఎన్‌బీఏ డ్రాఫ్టులో, అంటే ఆ లీగు జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో, పదో స్థానంలో ఎంపికయ్యాడు, ముందు ముందు గొప్ప ఆటగాడు కావచ్చు కూడా, ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టడం లేదు. అతనికి ఇంకా మూడేళ్లు అక్కడే ఉండే అవసరమూ లేదు, అవకాశమూ లేదు. అయితే షాయర్ ఈ ఆటను నాకన్నా ఎంతో బాగా ఎరిగినవాడు, జూబెక్ పక్కన నాలుగేళ్లు ఆడినవాడు. విశ్వవిద్యాలయం ఆటగాళ్లకు ఇచ్చే డబ్బులో ఒక మంచి వాటాను, పాయింట్లు తక్కువైనా సరే, నాలుగేళ్లు ఉంటానని మాటిచ్చే ఒక పొడుగాటి కుర్రవాడి కోసం అతను పక్కన పెట్టాలని, ఆ కుర్రవాడి రెండో ఏడాది అంకెలు చూసి ఎవరేమన్నా పట్టించుకోకూడదని ఒక డ్యూక్ అభిమానిగా గట్టిగా కోరుకుంటున్నాను.